మజ్జిగలోకి పోసిన నీళ్ళు

ఆ రోజుల్లో కోనసీమలో కొత్తవాళ్ళెవరైనా ఖాళీ కడుపుతో వీధి దాటడం చాలా కష్టం. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలోనే తెలిసొచ్చింది. రాజోలు దగ్గర ఒక పల్లెలో ఆరోగ్య కార్యకర్తగా చేరాను. రెండు జడలు మానేసి ఎన్నాళ్ళో కాలేదు గానీ, భుజాన సంచీ తగిలించుకుంటే నా కళ్ళకి నేను పెద్ద డాక్టరునే. ఆ ఏడు వేసవికి కాలవ కట్టేసి, పారే నీళ్ళు ఆగిపోయాక ఒక వీధిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఒక చంటిపిల్లని కళ్ళు లోతుకుపోయిన స్థితిలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మా డాక్టరుగారు నన్ను పిలిచి, "మందులు నేనిస్తానమ్మా, జబ్బు ఎక్కణ్ణించి వస్తోందో నువ్వు కనుక్కో. జబ్బుపడ్డవాళ్ళనే కాదు, పడనివాళ్ళనీ అడుగు. తేడా ఎక్కడుందో చూడు" అన్నారు.

ఇల్లిల్లూ తిరిగాను. "నిన్న ఏం తిన్నారండీ?" అని అడగడం నా పని. "అయ్యో, ఆకలేస్తోందేంటమ్మా?" అనడం వాళ్ళ పని. ఒకరు కొబ్బరిబొండం కొట్టిస్తే, ఒకరు అరటిపళ్ళు చేతిలో పెట్టేవారు. ఏ నీళ్ళు తాగుతారంటే మాత్రం వీధంతా ఒకటే మాట: "పంపు నీళ్ళేనండి, ఆయ్!" (ఆ పంపు నీళ్ళు పరీక్షకి పంపితే ఏ దోషమూ లేదని వచ్చింది. నా పెద్దరికం అక్కడే సగం దిగిపోయింది.)

వీధి చివర రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉండేవారు. ఊరందరికీ మామ్మగారే. ఎండన పడి వచ్చానని లోపలికి లాక్కెళ్ళి, కళ్ళు మూసుకుని ప్రభువుకి స్తోత్రం చెప్పి, గ్లాసుడు మజ్జిగ ఇచ్చారు. అల్లం, కరివేపాకు వేసిన ఆ మజ్జిగ ఎంత బాగుందంటే, రెండో గ్లాసు నేనే అడిగాను.

మర్నాడు మంచం మీంచి లేవలేకపోయాను. కబురు తెలిసి మామ్మగారు పరుగెత్తుకొచ్చారు. వెనకే డాక్టరుగారు వచ్చి, "నిన్న ఏం తిన్నావమ్మా?" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బొండాలు, వలిచిన పళ్ళు, నా గదిలో కాచుకున్న నీళ్ళు. ఇంకొక్కటే మిగిలింది.

"మజ్జిగండి" అన్నాను, మామ్మగారి వైపు చూడలేక.

"పంపు నీళ్ళే వాడతామన్నారు కదండీ?" అన్నారు డాక్టరుగారు.

"తాగేది పంపు నీళ్ళేనండి, ఆయ్! కానీ అవి కాస్త ఉప్పన, మజ్జిగలో పోస్తే రుచి చెడిపోదూ? అందులోకి కాలవలో మిగిలిన మడుగు నీళ్ళు తెచ్చుకుంటాం" అని మామ్మగారు నావైపు తిరిగారు. "ఏ నీళ్ళు తాగుతారన్నావు గానీ, మజ్జిగలోకి ఏవి పోస్తారని అడిగేవా పిల్లా?"

డాక్టరుగారు మళ్ళీ వీధిలో అడిగించారు. జబ్బుపడ్డ ఇళ్ళన్నిటా మజ్జిగలోకి ఆ మడుగు నీళ్ళే. జబ్బు రాని ఇళ్ళలో, మామ్మగారిల్లు తప్ప, అవి వాడరు. (మామ్మగారు కఫమని తాను మజ్జిగ ముట్టరు. చేసేదంతా వచ్చేపోయేవాళ్ళకే.) ఆ సాయంత్రం ఆవిడ వీధి మధ్య నిలబడి, తరగతిలో పిల్లలకి చెప్పినట్టు, నీళ్ళు కాచందే ఎవరూ ముట్టకూడదని గట్టిగా చెప్పారట. కొత్త కేసులు ఆగిపోయాయి. చంటిపిల్ల అమలాపురం నుంచి నవ్వుతూ తిరిగొచ్చింది.

నేను కోలుకునేదాకా మామ్మగారు నా గది వదల్లేదు. వీధికి నేను నేర్పిన ఉప్పు, పంచదార నీళ్ళే చెంచాతో నాకు పట్టేవారు. "నా చేతులతోనే పిల్లని పడేశాను ప్రభువా" అని కళ్ళు తుడుచుకుంటూనే, "ఊఁ, మింగు!" అని కసిరేవారు. మా అమ్మ పోయాక నా నుదుటి మీద అలా చెయ్యేసినవాళ్ళు లేరు. ఆ చేతికోసమే జబ్బు ఇంకో రోజుంటే బాగుణ్ణనిపించింది.

కొన్నాళ్ళకి బదిలీ వచ్చింది. సఖినేటిపల్లి రేవుదాకా మామ్మగారు నాతో వచ్చారు. పడవ ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకుని, "అక్కడ నిన్ను చూసుకోడానికి ఎవరుంటారమ్మా?" అన్నారు.

"ఎక్కడికెళ్ళినా ఉంటారులెండి మామ్మగారూ" అన్నాను.

ఆ మాట అన్న పిల్లని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. లోకమంతా ఆ వీధిలాగే ఉంటుందనుకుంది పాపం.