మట్టలాదివారం లెక్క

ఆ రోజుల్లో, అంటే కొత్తగా చదువు పూర్తయిన రోజుల్లో, నా అంతటి డాక్టరు ఈ చుట్టుపక్కల లేరని నా గట్టి నమ్మకం. నందిగామలో బస్సెక్కి రోజూ జగ్గయ్యపేట స్కానింగ్ సెంటరుకి వెళ్లేదాన్ని. దారి పొడుగునా సిమెంటు లారీల దుమ్ము తిన్నా, తెల్లకోటు మాత్రం నలగనిచ్చేదాన్ని కాదు. (బస్సు దిగాకే వేసుకునేదాన్ని లెండి.)

ఒకరోజు ముక్త్యాల నుంచి, కడుపుతో ఉండి ఏడు నెలలు నిండిన కూతుర్ని తీసుకుని ఒకావిడ వచ్చింది. పొలం పనులు చేసుకునే మనిషి. గదిలోకి వస్తూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఏమిటమ్మా అంటే, "బయట బోర్డు చదివించుకునే వచ్చానండి. ఆడో మగో తెలిస్తే జైలంట గదా. నేను టీవీ వంక చూడనండి బాబూ" అంది. మీరు చూసినా ఏమీ కాదమ్మా అని ఎంత చెప్పినా కొంగు దించలేదు.

బిడ్డను కొలిచాను. తల కాస్త చిన్నది, పొట్ట మరీ చిన్నది. వెంటనే తీర్పు చెప్పేశాను. "నెలల లెక్క తప్పారమ్మా. ఇంకా ఆరో నెలే."

"లెక్క తప్పడమేందండీ! ఈస్టరు ముందు మట్టలాదివారం నాడు ఇది కడుపునొప్పని చర్చికి రాకుండా పడుకుంది. ఆఖరుసారి ముట్టయింది అదే. దీని మట్ట కూడా నేనే పట్టుకెళ్లా" అంది కొంగు వెనక నుంచి.

(బంగారు పతకం తెచ్చుకున్న నాకు, మట్టలు మోసినావిడ పాఠమా!) నవ్వుకుని తేదీ దిద్దబోతూ, అలవాటు కొద్దీ బొడ్డుతాడులో రక్తం పారే చప్పుడు వినిపించే మీట నొక్కాను. ఝుస్... అని ఆగి, మళ్లీ ఝుస్... నా చూపు ఇంకా తేదీ మీదే ఉంది.

"మధ్యమధ్యలో ఆగుతుందేందండీ?" అంది ఆవిడ. "మా ఆసామి బోరు ఎండబోయే ముందు నీళ్లు ఇట్టాగే ఆగి ఆగి పడతయ్."

గబుక్కున తెర వైపు చూశాను. గుండె దెబ్బకీ దెబ్బకీ మధ్య రక్తం నిలిచిపోతోంది. యంత్రాన్ని మాయ మీదికి జరిపాను. ఉండాల్సినంత వెడల్పు లేదు, అక్కడక్కడా తెల్లటి మచ్చలు. తల్లి నుంచి బిడ్డకు తిండీ గాలీ అందించే మాయే అలసిపోయింది. ఆవిడ లెక్క సరైనదే, బిడ్డే ఎదగడం లేదు. అందే ఆ కాస్త రక్తాన్నీ ముందు మెదడుకు పంపుకుని, పొట్ట మాడ్చుకుని, అరచేతిలో పట్టేంత ప్రాణం ఒక్కటే లోపల నెగ్గుకొస్తోంది. పరీక్షలో నాలుగు పేజీలు రాసిన విషయమే. కళ్లెదుట జరుగుతుంటే మాత్రం దండం పెట్టాలనిపించింది.

ఆ పూటే అంబులెన్సులో విజయవాడ పంపాం. నాలుగో రోజు ఆవిడ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "డాక్టరమ్మగారూ, పిల్ల పుట్టిందండీ! కిలో మీద కాస్తంత. అద్దాల పెట్టెలో పెట్టారు గానీ ఏడుపు వార్డంతా వినపడతంది!"

అప్పటి నేను, ఆ తెల్లకోటు పిల్ల, గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. ఆవిడ గోడవైపు తిరిగి ఊరికే కూర్చుని ఉంటే, నేను తేదీ దిద్ది, నెలాగి రమ్మని నవ్వుతూ పంపేసేదాన్ని.