గోదారి వైపు రివర్స్ గేరు

ఈ రోజు పంటు మీద గోదారి దాటి నరసాపురం రేవు ఎక్కుతుంటే సగంలో కారు ఆగిపోయింది. తాళం తిప్పితే టిక్కుమంటుందంతే. ఎవరో వెనక చక్రం కింద రాయి పెట్టారు. ఆ వెనకంతా పల్లం, పల్లం చివర గోదారి.

"బ్యాటరీ దిగిపోయిందండి. రివర్స్ గేరేసి కిందకి పోనివ్వండి, క్లచ్ వదలగానే ఇంజన్ అందుకుంటుంది" అన్నాడు పంటు నడిపే సరంగు.

"అందుకోకపోతే?"

"బ్రేకుంది కదండీ!"

ఆ బ్రేకు అంతంతమాత్రమని నాకొక్కడికే తెలుసు.

మా ఆవిడ చీరల సంచీ, క్యారేజీ దింపుకుని తనూ దిగింది. రాయి తీశారు. అద్దంలో నీళ్లు దగ్గరవుతున్నాయి. క్లచ్ వదిలాను. ఒక్క కుదుపుతో ఇంజన్ అందుకుంది. అప్పటికే వెనక చక్రాలు తడిశాయి.

క్యారేజీ కూడా దింపుకున్న మనిషి నన్ను దిగమని ఎందుకు అనలేదో, పెళ్లయినవాళ్లెవరైనా చెప్పండి.