కుండ తినేసిన వేలిముద్రలు

మాది ఆత్రేయపురం. కిందటేడు పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే మా అత్తగారి బ్యాంకు పుస్తకం బయటపడింది. పన్నెండేళ్లుగా ఎవరూ ముట్టని ఖాతాలో నలభై వేలున్నాయి. ఆవిడ కంటి శుక్లాల ఆపరేషన్‌కి సరిపోతాయని సంబరపడ్డాను.

ఆగిపోయిన ఖాతా మళ్లీ తెరవాలంటే ఆధార్ మిషన్ మీద వేలిముద్ర వెయ్యాలన్నారు బ్యాంకులో. ఆవిడ వేలిముద్ర పడలేదు.

"చేతులు కడుక్కుని రండి మామ్మగారూ, పిండి అంటుకున్నట్టుందండీ" అన్నారు కౌంటర్లో ఆయన.

మూడుసార్లు కడిగించాను. పది వేళ్లూ పెట్టించాను. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

"గట్టిగా నొక్కండి అత్తయ్యగారూ!" అని అందరి ముందూ కసిరాను.

"నొక్కుతూనే ఉన్నానమ్మా. నలభయ్యేళ్లు వేడి కుండ మీద పూతరేకులు తీసిన వేళ్లు. ఇంకా గీతలెక్కడుంటాయి?" అన్నారావిడ నెమ్మదిగా.

కౌంటర్లో ఆయన కళ్లు చూసే మిషన్ తెచ్చేరు. అదీ పట్టలేదు.

"శుక్లాలు అడ్డొస్తున్నాయండీ. ముందు ఆపరేషన్ చేయించుకుని రండి, అప్పుడు డబ్బు తీసుకోవచ్చు" అన్నారు.

"ఆయ్" అని లేచేరు మా అత్తగారు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ కుండ ముందు కూర్చున్నారు. చూపు ఆనకపోయినా రేకు ఎప్పుడు లేపాలో ఆ వేళ్లకి తెలుసు. వాటినే నేను పదిమందిలో కసిరాను.