పదో పేరు

కాలేజీ యాభయ్యేళ్ల ప్రత్యేక సంచిక కోసం నేలమాళిగలో పాత హాజరు పట్టికలు తిరగేస్తుంటే ఒక పేరు పదే పదే తగిలింది. 1983, చిన్న ఇంజన్ల మరమ్మతు: పదో పేరు ఐలా మట్టిలా. 1986, గొర్రెల కాన్పులు: పదో పేరు ఆమెదే. వెల్డింగ్, పడవల తయారీ, తేనెటీగల పెంపకం... అరవై మూడు పట్టికల్లో అట్టడుగున అదే పేరు, అదే నీలం సిరా. పదకొండు మంది ఉన్న తరగతిలో మాత్రం ఆమె ఎక్కడా లేదు.

ఐలా ఆ కాలేజీ అడ్మిషన్ల కౌంటర్ దగ్గర ముప్పై ఎనిమిదేళ్లుగా కూర్చునే మనిషి. సంగతేమిటని అడిగితే కాఫీ ఊదుకుంటూ చెప్పింది.

"పదిమంది లేకపోతే క్లాసు ఎత్తేస్తారు కదా. తొమ్మిది మంది వచ్చి నిలబడితే ఏం చేయమంటావు? ఇంటికి పొమ్మననా?"

"అయితే దొంగ పేరన్నమాట."

"దొంగ పేరేంటి! ప్రతి క్లాసుకీ వెళ్లాను. నా చేత్తో ఏడు గొర్రెపిల్లల్ని బయటికి లాగాను తెలుసా? నువ్వు ఒక్కదాన్ని లాగు చూద్దాం."

మిషిగన్ ఉత్తర కొసన ఉన్న మా బిర్చ్ హార్బర్‌లో ఇనుప గని మూతపడిన మరుసటి ఏడాది, పని పోయినవాళ్లే ఓటేసి తమ మీద పన్ను వేసుకుని ఈ కాలేజీ తెచ్చుకున్నారు. చర్చి కింది గదిలో మూడు తరగతులతో మొదలైంది. చేరడానికి వచ్చినవాళ్లను వెనక్కి పంపకూడదన్నది మొదటి తీర్మానం. పదిమంది ఉంటేనే తరగతి నడపాలన్నది రెండోది. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవని యాభయ్యేళ్లలో ఎవరూ పట్టించుకోలేదు. మధ్యలో ఐలా ఉంది మరి.

ఈ సంచిక పని నడుస్తున్న జనవరిలో నర్సు సహాయకుల తరగతికి తొమ్మిది మందే వచ్చారు. అందులో రోండా పెల్కీ ఒకతె. కలప కోసే మిల్లు మూతపడి ఆమె ఉద్యోగం పోయింది. వృద్ధుల ఆశ్రమంవాళ్లు జూన్ దాకా ఒక పోస్టు ఆపి ఉంచుతామన్నారు, సర్టిఫికెట్ తెస్తేనే. చివరి రోజు అరవై మైళ్లు మంచులో కారు నడుపుకుంటూ వచ్చి కౌంటర్ ముందు నిలబడింది.

"క్లాసు ఉంటుందా ఉండదా? ఒక్క ముక్క చెప్పండి."

"ఐదింటిదాకా ఆగమ్మా. ఎవరైనా రావచ్చు."

"ఈ మంచులో ఎవరొస్తారండీ? నాకంటే బుద్ధిలేదు, వచ్చాను."

ఐలా ఎప్పటిలాగే తన పేరు రాయబోయింది. కొత్త డీన్ కర్టిస్ బ్రాంట్ ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"ఈసారి కుదరదు ఐలా గారూ. కాలేజీ ఉద్యోగుల్లో డిగ్రీకి చదివేవాళ్లే లెక్కలోకి వస్తారు. రాష్ట్రం కొత్త రూలు పెట్టింది. మీరు డిగ్రీకి చదవడం లేదు కదా."

"నువ్వు పుట్టకముందు నుంచీ చదువుతున్నాను నాయనా."

అతను ఆమె మార్కుల జాబితా తెరిచాడు. చాలాసేపు కిందికీ పైకీ చూశాడు.

"డిగ్రీకి మీకు ఒక్క సబ్జెక్టే తక్కువ. ఆల్జీబ్రా."

అది అందరికీ తప్పనిసరి గనక ఏటా ముప్పై మందితో నిండిపోతుంది. పదో మనిషి అవసరం దానికి ఎన్నడూ పడలేదు. పదహారో ఏట ఆ లెక్కల దగ్గరే ఆమె బడి మానేసిందని అప్పటికి మాకెవరికీ తెలియదు.

"డిగ్రీలో చేరితే ఈ సెమిస్టర్‌లోనే ఆల్జీబ్రా తీసుకోవాలి. ఎనిమిదో వారం శుక్రవారం తలలు లెక్కపెడతారు. ఈలోగా మీరు అది మానేస్తే మీ పేరు పోతుంది, నర్సు క్లాసూ పోతుంది," అన్నాడు డీన్.

"నాకోసం మీరెందుకండీ ఈ తలనొప్పి పెట్టుకోవడం," అంది రోండా. కానీ కౌంటర్ అంచు వదల్లేదు.

ఐదింటికి పది నిమిషాలుండగా ఐలా ఫారం నింపింది.

మొదటి పరీక్షలో ఆమెకు వందకు ముప్పై ఒకటి వచ్చాయి. కాగితం మడిచి కోటు జేబులో దాచుకుంటే రోండా లాగి చూసింది.

"ఇదేంటండీ? దుంగకి ఎన్ని పలకలొస్తాయో చూపుతోనే చెప్పేదాన్ని నేను. ఈ 'ఎక్స్' కూడా అంతే. ఇంకా కొయ్యని దుంగ అనుకోండి."

వారానికి రెండుసార్లు నర్సు తరగతికి ముందు ఇద్దరూ క్యాంటీన్‌లో కూర్చునేవారు. రోండా కసురుకునేది, ఐలా రబ్బరుతో తుడిచేది. రెండో పరీక్షలో నలభై ఆరు.

ఎనిమిదో వారం శుక్రవారం తలలు లెక్కపెట్టారు. నర్సు తరగతిలో పదిమంది. ఇక దాన్ని ఎవరూ ఎత్తేయలేరు.

సోమవారం మధ్యాహ్నం రోండా ఈ మాట చెబుదామని కౌంటర్‌కి వస్తే అక్కడ ఎవరూ లేరు. వెతుక్కుంటూ ఆల్జీబ్రా గదికి వెళ్లింది. ముందు బల్ల దగ్గర, పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య, ఐలా కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని రాసుకుంటోంది.

"ఇంకా ఇక్కడేంటండీ? గండం గడిచింది. హాయిగా మానేయొచ్చు," అని గుసగుసలాడింది రోండా.

"ష్! రెండు రైళ్లు ఎదురెదురుగా బయల్దేరాయి. ఎక్కడ కలుస్తాయో ఇంకా తేలలేదు," అంది ఐలా తల ఎత్తకుండా.