మా ఇంట్లో రెండో పొయ్యి

పోయిన మాఘమాసంలో ఒక గురువారం, పొద్దున ఏడున్నరకు, నకరికల్లులో మా ఇంట్లో రెండో పొయ్యి వెలిగింది. వెలిగించింది నేనే.

టీవీ సీరియళ్ళలో ఇలాంటి రోజున అత్తగారు స్తంభం పట్టుకుని ఏడుస్తుంది. కోడళ్ళు పట్టుచీరల్లో వరసగా నిలబడతారు. అంతమంది తిన్న ఇంట్లో ఎవరూ అంట్లు తోమగా నేను ఒక్కనాడూ చూడలేదు. ఉమ్మడి కుటుంబానికి ఏళ్ళ తరబడి వండినదాన్ని. నా చీర మసి తప్ప జరీ ఎరగదు.

మా పెద్దకోడలు మిరపకోతలకు కూలీలను వెంటబెట్టుకుని పొద్దున్నే చేలోకి పోవాలి. చిన్నకోడలు నరసరావుపేటలో నర్సు. ఆమెకు ఆరింటి బస్సు. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరికీ రోజూ గొడవే. వేరే పొయ్యి పెట్టకపోతే పేటలో ఇల్లు చూసుకుని పోతామంది చిన్నది. సరే పెడదామన్నాను.

ఆ రోజు ఆమె సెలవు పెట్టింది. పాలు పొంగించే వేళకు రెంటచింతల నుంచి మా ఆడపడుచు దిగింది. ఫోన్ చేసి పిలిపించింది పెద్దకొడుకే.

"ఏంది వదినా ఇది? నువ్వుండగానే ఇంట్లో రెండు పొయ్యిలా? సీరియల్లో చూళ్ళా, ఆ తల్లి ఎట్టా కూలబడిందో!"

"చూశాలే. అంత కూలబడినా బొట్టు చెదరలా."

"ఊళ్ళో ఏమనుకుంటారమ్మా?" అన్నాడు పెద్దవాడు.

"ఒరేయ్, ఊళ్ళోవాళ్ళొచ్చి మీ ఆవిడకి ఉల్లిపాయలు తరుగుతున్నారా?"

పెద్దకోడలు నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అరవై దాటాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. టీవీలో సొంతంగా చదివిన మొదటి ముక్క, సీరియల్‌కు ముందు వేసేదే: పాత్రలన్నీ కల్పితం అని. అదే చెప్పాను ఆడపడుచుకి. "ఆమె కల్పితం. నేను కాదు."

"అయితే నువ్వు ఎవరి దగ్గర తింటావ్?"

అందరూ నా వంక చూశారు. అసలు భయం అదీ.

"ఎవరి కూర బాగుంటే వాళ్ళ దగ్గర. ఇద్దరిదీ బాగోకపోతే నేనే వండుకుంటా. చేతులు పడిపోలేదుగా."

పాలు పొంగాయి. ఏడాదికి సరిపడా కొట్టించిన కారం జాడీ తెచ్చి రెండు పొయ్యిల నడుమ గట్టు మీద పెట్టాను. "పొయ్యిలు మీవి. కారం మాత్రం పంచను. ఎవరికి కావాలన్నా ఇక్కడికే రావాలి." చిన్నది ముందుగా చెంచా ముంచింది. పేటలో ఇల్లు మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను ఏడిచానని ఎవరన్నా చెబితే నమ్మకండి. అక్కడున్నది నా ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, మనవరాలు, ఆడపడుచు, నేను. ఎవరినైనా అడగండి.