మారేడుమిల్లి బాటలో మా వెనకాల మనిషి

అడవిలో కాలినడకన తిరగాలని మా ఆవిడ సుభద్రకి బుద్ధి పుట్టింది. పులుల మాటేంటని నేను బెంగపడ్డాను. "పులులు మన జోలికి రావండీ. మనుషుల సంగతి చూసుకోండి," అంది.

ఆదివారం ఉదయం ఆరింటికి రాజమండ్రిలో మారేడుమిల్లి బస్సెక్కాం. కిటికీ పక్క సీటు కావాలంటే చిన్న సైజు కురుక్షేత్రం చెయ్యాలి, సిద్ధపడి వెళ్లండి. గోకవరంలో తిన్న ఇడ్లీ ఒక్కొక్కటీ తిరగలిరాయంత. చట్నీలో పోసిన నీళ్లతో ఎకరం వరి ఊడ్చుకోవచ్చు.

ముందు సీట్లో పూతరేకుల వ్యాపారి ఒకాయన. ఏ ఊరండీ, ఎవరి తాలూకా, ఎక్కడికండీ అని అడిగాడు. మా వైపు బస్సులో వీటికి బదులు చెప్పకపోతే పొగరనుకుంటారు. అందుకని ఎక్కడ దిగుతామో, ఏ బాటన జలపాతానికి వెళ్తామో, తోడెవరూ లేరనీ చెప్పేశాను. మీ ఆవిడ మెళ్లో పలకసర్లు బావున్నాయండీ అన్నాడాయన. ఉన్నవి మూడు కాసులు. పన్నెండన్నాను. మా ఆవిడ నా తొడ గిల్లిన గిల్లుకి బస్సు ఓ పక్కకి ఒరిగింది. వెనక సీట్లో ఫోను చూసుకుంటున్న నీలం చొక్కా అతను తలెత్తాడు.

పదిన్నరకి రోడ్డు దిగి బాట పట్టాం. రెండు పక్కలా ఆకాశాన్ని ఊడ్చే వెదుళ్లు. కాసేపటికి వెనక్కి చూస్తే నీలం చొక్కా. మేం ఆగితే ఆగుతున్నాడు, చెప్పు సర్దుకుంటున్నాడు. అంత మరమ్మతు చేసిన చెప్పు లోకంలో ఉండదు. ఫోనులో సిగ్నలు లేదు. మా ఆవిడ చెయ్యి మెళ్లోకి వెళ్లింది. నా గుండె చప్పుడుకి కొమ్మల మీద కోతులు సర్దుకు కూర్చున్నాయి.

ఆవిడ మాత్రం బాట పక్కకి జరిగి, అతను దగ్గరికొచ్చేదాకా నిలబడింది. ఏ ఊరు బాబూ అని మొదలుపెట్టింది. కోరుకొండట. ఇంటిపేరు, తండ్రి పేరు, చేసే పని అన్నీ లాగేసింది. పోలీసులు ఆవిడ దగ్గర ట్రైనింగు తీసుకోవచ్చు. వాళ్ల అమ్మగారి పుట్టిల్లు పెద్దాపురం అని తేలింది.

"పెద్దాపురంలో ఎక్కడ?"

"మరిడమ్మ గుడి దగ్గరండి."

"మా ఆడపడుచు ఉండేది అక్కడే. మీ అమ్మగార్ని ఎరిగే ఉంటుంది. అలా నిలబడు, ఫొటో తీసి చూపిస్తాను."

"ఫొటో ఎందుకండీ? నేనూ జలపాతానికేనండి."

"మంచిది బాబూ. నువ్వు ముందు నడు. మేం నీ వెనకాల వస్తాం."

నడిచాడు. పాపం, రెండుసార్లు వెనక్కి చూశాడు కూడా. మలుపు తిరగ్గానే మేం వచ్చిన దారి పట్టాం. నా పరుగు చూసి లేళ్లు సిగ్గుపడి ఉంటాయి. రోడ్డు మీద బొంగు చికెన్ బండి దగ్గర జనం మధ్య కూర్చున్నాకే ఊపిరి పీల్చుకున్నాం.

మూడింటికి తిరుగు బస్సు కదులుతుంటే నీలం చొక్కా బాటలోంచి వచ్చాడు. తలంతా తడి. జలపాతంలో స్నానం చేశాడో, మాకోసం వెతికి వెతికి చెమట పట్టిందో. ఒక్కసారి దిగి కనుక్కొస్తానన్నాను. మా ఆవిడ చొక్కా పట్టుకుని సీట్లో కూలేసింది.

"తెలీకపోతే ఏంటండీ మనకి నష్టం?"

జలపాతం ఎలా ఉంటుందో నన్నడక్కండి, చూళ్లేదు. బాట మాత్రం అద్భుతం. ముఖ్యంగా వెనకాల ఎవరూ లేనప్పుడు.