మా అన్న రికార్డులో పోయిన ‘గ’

మా చిన్నప్పుడు... తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మా ఇంటి మగ్గాల మోతను డ్రమ్స్ మోతతో గెలవాలని మా అన్న రంగడు తెగ తాపత్రయపడేవాడు.

అన్నది పెళ్ళిళ్ళలో తమిళ సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా. ఎలక్ట్రిక్ గిటార్ చేతికొచ్చాక ఆ పాటలంటే మొహం మొత్తింది. మేం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రాక్ పాటలు కట్టాడు... మద్రాసు కంపెనీ నుంచి మొదటి రికార్డుకు పిలుపొచ్చింది. ఒక వైపు పాత పెళ్ళి బాణీలు, రెండో వైపు కొత్త గోల అనుకున్నారు. అటూ ఇటూ కాని రికార్డే, అయినా మా వీధంతా మురిసిపోయింది.

రెండో వైపు మొదటి పాట ‘గాలి’. “గాలి తోడుండాది మాకు...” అని అన్న ఎత్తుకుంటే, అమ్మ కండెలు చుట్టడం ఆపేసి వినేది.

మద్రాసు వెళ్ళాల్సిన వారంలోనే అన్నకు పచ్చకామెర్లు. కంపెనీవాళ్ళు తేదీ మారదన్నారు. విరుదునగర్ నుంచి వచ్చి బ్యాండులో కొత్తగా చేరిన సెల్వం అనే తమిళ కుర్రాడిని పాడమన్నారు. అతను ఆ పాట అంతకుముందు విననే లేదు పాపం.

మాలో తెలుగు రాయడం ఎవరికి వచ్చు గనక... (నేను నేర్చుకున్నదీ ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాకే.) అన్న పాటంతా తమిళ అక్షరాల్లో రాసిచ్చాడు. తమిళంలో ‘క’కీ ‘గ’కీ అక్షరం ఒకటే. మేమైతే చూడగానే ‘గాలి’ అని చదువుకుంటాం. సెల్వం ‘కాలి’ అని చదివాడు. తమిళంలో కాలి అంటే ఖాళీ. వెంట వెళ్ళిన వాయిద్యాల వాళ్ళూ తమిళులే, ఎవరూ పట్టించుకోలేదు.

రికార్డు అచ్చయి వచ్చింది. మంచం మీదున్న అన్నకు వినిపించాం.

“కాలి తోడుండాది మాకు...”

“వాడేమిరా, కాలి అంటా ఉండాడు?” అంది అమ్మ.

“అచ్చేసినాక ఏం చేసేదిమా... ఆపేయమను,” అని అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఒళ్ళు కుదుటపడ్డాక కూడా గిటార్ ముట్టలేదు. బ్యాండు చెదిరిపోయింది. అమ్మ ఎంత బతిమాలినా ఆ పాట మళ్ళీ పాడలేదు. పోయినేడు అన్నే పోయాడు... ఆ గొంతు ఎక్కడా రికార్డు కాలేదు.

ఇప్పుడెవరో ఆ రికార్డును నెట్‌లో పెట్టారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఆహా ఓహో అంటున్నారు. మొన్న ఊరెళ్తే అన్న మనవరాలు అదే పాడుతోంది.

“కాలి కాదమ్మా, గాలి.”

“పాటలో అట్లే కదా చిన్నతాతా ఉండేది,” అంది.

సరిగ్గా పాడి చూపిద్దామని కళ్ళు మూసుకున్నాను. అన్న గొంతు రాలేదండీ... సెల్వం గొంతే వచ్చింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే.

పోయిన మీ వాళ్ళ గొంతు మీకింకా వినిపిస్తోందా? వినిపిస్తే ఎలా దాచుకున్నారో చెప్పండి... నాకు చేతకాలేదు.